కోత పడిన పన్నును తిరిగి పొందడం ఎలా? కొన్ని నెలలే పని దొరికినవారికి ఆదాయపు పన్ను వాపసు

భివండీలోని శాంతి నగర్, పద్మ నగర్, కామత్‌ఘర్ పరిసరాలలో నివసించే తెలుగు కుటుంబాలలో ఏడాది పొడవునా ఒకే చోట, ఒకే పనిలో ఉండనివారు అనేకులు. మరమగ్గాలు కొన్ని నెలలు నడిచి, గిరాకీ లేక కొన్ని నెలలు ఆగుతాయి. పండుగల ముందు గోదాములలో తాత్కాలిక పని దొరుకుతుంది. పండుగలు ముగియగానే అది నిలిచిపోతుంది. పెళ్ళికో, పొలం పనికో, అనారోగ్యం వల్లనో సిరిసిల్లకు, కరీంనగర్‌కు, నల్లగొండకు వెళ్ళినవారు కొంతకాలం అక్కడే ఉండిపోతారు. ఆదాయం ఇలా విడతలు విడతలుగా వచ్చినా, పన్ను కోత మాత్రం చెల్లింపు జరిగిన నాడే జరిగిపోతుంది. చాలామంది విషయంలో ఆ కోత వారు కట్టవలసిన పన్ను కాదు. ప్రభుత్వం వద్ద వారి పేరున నిలిచి ఉన్న వారి సొమ్మే. అడిగినవారికి అది తిరిగి వస్తుంది, అడగనివారికి రాదు. అడిగే విధానం ఏమిటో, అందులో తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కోత వేరు, పన్ను వేరు

ఆదాయపు పన్నును ఏప్రిల్ 1 నుండి మరుసటి మార్చి 31 వరకు గల ఆర్థిక సంవత్సరంలో వచ్చిన మొత్తం ఆదాయంపై లెక్కిస్తారు. మూలంలో కోత, అనగా టీడీఎస్, అటువంటిది కాదు. డబ్బు చెల్లించే సంస్థ ఆ చెల్లింపులో చట్టం చెప్పిన శాతాన్ని మినహాయించి, పుచ్చుకునే వ్యక్తి పాన్ సంఖ్యపై ప్రభుత్వానికి జమ చేస్తుంది. ఆ వ్యక్తికి మిగిలిన నెలలలో పని ఉంటుందో, ఉండదో చెల్లించేవారికి తెలియదు. సంవత్సరాంతాన ఆదాయం తక్కువని తేలితే, ముందుగా జమ అయిన సొమ్ములో అధికమైన భాగం వాపసుకు అర్హమవుతుంది.

2024–25 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 3,00,000 రూపాయల వరకు పన్ను లేదు. మొత్తం ఆదాయం 7,00,000 రూపాయలు మించనివారికి సెక్షన్ 87ఏ కింద లభించే రిబేటు వల్ల సాధారణంగా పన్ను సున్నా అవుతుంది. 2025–26 సంవత్సరానికి ఈ పరిమితులు వరుసగా 4,00,000, 12,00,000 రూపాయలకు పెరిగాయి. పన్ను సున్నా అయినంత మాత్రాన కోత పడిన సొమ్ము దానంతటదే ఖాతాలోకి రాదు. రిటర్ను దాఖలు చేయడమే దానిని కోరే మార్గం. “ఆదాయం తక్కువ కదా, రిటర్ను ఎందుకు?” అని ఊరుకున్నవారే ఎక్కువగా నష్టపోతారు.

కోత ఎక్కడెక్కడ పడుతుంది?

మొదటిది మజూరీ పని. సిరిసిల్లలో ఆసామి అని పిలిచే చిన్న మగ్గాల నిర్వాహకుడు ఇక్కడ కూడా వ్యాపారి ఇచ్చిన పడుగు భీములు, పేక నూలు తీసుకొని గుడ్డ నేసి ఇస్తాడు. వ్యాపారి ఇచ్చిన ముడిసరుకుతో చేసిన ఈ పని సెక్షన్ 194సి పరిధిలోకి వస్తుంది. ఒక్క బిల్లు 30,000 రూపాయలు గాని, సంవత్సరపు మొత్తం 1,00,000 రూపాయలు గాని మించితే, వ్యక్తికి చేసే చెల్లింపుపై 1 శాతం కోత పడుతుంది. ఒక ఆసామికి 2024–25లో ఏడు నెలలు మగ్గాలు నడిచి, బ్యాంకు ద్వారా 9,00,000 రూపాయల మజూరీ వచ్చిందనుకుందాం. కోత 9,000 రూపాయలు. కరెంటు బిల్లు, అద్దె, కార్మికుల కూలి పోగా మిగిలినది 2,10,000 రూపాయలు. అతనికి వేరే ఆదాయం లేకపోతే ఇది 3,00,000 రూపాయలలోపే కనుక పన్ను లేదు. 9,000 రూపాయలూ వాపసు రావాలి. అదే ఆసామి తన పాన్ సంఖ్యను వ్యాపారికి ఇవ్వకపోతే కోత 20 శాతం, అనగా 1,80,000 రూపాయలు. పైగా ఆ సొమ్ము అతని పేరున నమోదు కాదు.

రెండవది మధ్యలో ఆగిన ఉద్యోగం. జీతం ఇచ్చే సంస్థ ఉద్యోగి సంవత్సరాంతం వరకు ఉంటాడనే అంచనాతో నెలనెలా పన్ను మినహాయిస్తుంది. 2024 ఏప్రిల్‌లో నెలకు 80,000 రూపాయల జీతంపై చేరిన ఒక గోదాము మేనేజరు విషయంలో అంచనా ఆదాయం 9,60,000 రూపాయలు. అందులో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ పోగా, సెస్సుతో కలిపి సంవత్సరపు పన్ను 40,040 రూపాయలు. ఆరు నెలలకే ఉద్యోగం పోతే అప్పటికి 20,020 రూపాయలు కోత పడి ఉంటుంది. ఆ తరువాత వేరే ఆదాయం లేకపోతే అసలు ఆదాయం 4,05,000 రూపాయలు మాత్రమే. రిబేటు వల్ల పన్ను సున్నా. కోత మొత్తం తిరిగి రావలసినదే.

మూడవది భవిష్య నిధి. పని మానిన కార్మికులు పీఎఫ్ సొమ్మును వెంటనే తీసుకోవడం సాధారణం. సేవాకాలం 5 సంవత్సరాలు నిండకముందు 50,000 రూపాయలు లేదా అంతకు మించి తీసుకుంటే 10 శాతం కోత ఉంటుంది. పాన్ లేకపోతే 20 శాతం. 62,000 రూపాయలు తీసుకున్నవారికి 6,200 రూపాయలు తగ్గుతాయి. ఆ సంవత్సరపు అంచనా ఆదాయంపై పన్ను సున్నా అయ్యేవారు దరఖాస్తుతోపాటు ఫారం 15జి ఇస్తే ఈ కోతను ముందే తప్పించుకోవచ్చు. సొమ్ము తీయకుండా కొత్త యజమాని వద్ద ఖాతాకు బదిలీ చేసుకుంటే కోత ఉండదు. పాత సేవాకాలం కూడా కలుస్తుంది.

జీతపు చీటీలో కనిపించే ప్రతి కోత వాపసు వచ్చేది కాదు. “పీటీ” అని ఉండే 200 రూపాయలు, ఫిబ్రవరిలో 300 రూపాయలు, మహారాష్ట్ర ప్రభుత్వానికి చెందిన వృత్తి పన్ను. ఈఎస్ఐ చందా వైద్య బీమాకు సంబంధించినది. వీటిని ఆదాయపు పన్ను రిటర్ను ద్వారా తిరిగి పొందడం సాధ్యం కాదు. ఆదాయపు పన్ను కేంద్ర ప్రభుత్వానిది కనుక నగరపాలక సంస్థ పన్నుల కిటికీ వద్ద కూడా ఈ పని జరగదు.

పేరు ఒక్కటిగా ఉండాలి

వాపసు ఆగిపోయే సందర్భాలలో పేరు తేడా ముఖ్యమైనది. తెలుగువారు ఇంటిపేరును ముందు వ్రాస్తారు. తరచుగా దానిని ఒక్క అక్షరానికి కుదిస్తారు. మహారాష్ట్ర పద్ధతిలో ముందు వ్యక్తి పేరు, నడుమ తండ్రి లేదా భర్త పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. ఊరిలో తీసుకున్న ఆధార్‌లో ఒక రీతి, ఇక్కడ తీసుకున్న పాన్‌లో మరొక రీతి, బ్యాంకు పుస్తకంలో వేరొక రీతి ఉంటే, యంత్రం వాటిని ఒకే వ్యక్తివిగా గుర్తించకపోవచ్చు. పెళ్ళి తరువాత పేరు మారిన స్త్రీలకు ఈ చిక్కు మరింత ఎక్కువ. ఇంగ్లీషు అక్షరక్రమంతో సహా ఒకే రూపాన్ని నిర్ణయించుకొని, మూడింటినీ దానికి అనుగుణంగా సవరించుకోవాలి. ఆధార్‌లో పేరును జీవితకాలంలో రెండుసార్లు మాత్రమే మార్చుకునే వీలుంది కనుక, ఆధార్‌లోని పేరు సరిగా ఉంటే మిగిలిన రెండింటిని మార్చుకోవడం మేలు.

ఆధార్‌తో జతపరచని పాన్ చెల్లుబాటులో ఉండదు. 1,000 రూపాయల రుసుముతో జతపరచి, అది తిరిగి చెల్లుబాటులోకి వచ్చేవరకు వాపసు రాదు; ఆ కాలానికి వడ్డీ కూడా రాదు. ఆధార్‌కు అనుసంధానించిన ఫోను నంబరు వాడుకలో ఉండటం కూడా అవసరం. ఊరు మారినప్పుడు సిమ్ మార్చినవారికి ఓటీపీ అందక పని నిలిచిపోతుంది.

వాపసు జమ కావలసిన ఖాతా ఊరిలోని బ్యాంకుదైతే దాని వివరాలను మరొకసారి సరిచూసుకోవాలి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌పుస్తకంలోని ఐఎఫ్ఎస్‌సీ సంఖ్యపై ఆధారపడకుండా శాఖను అడిగి తెలుసుకోవాలి. చాలాకాలంగా లావాదేవీలు లేని ఖాతా అయితే కేవైసీ పూర్తిచేయించుకోవాలి.

దాఖలు చేసే క్రమం

రిటర్నును ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో ఉచితంగా దాఖలు చేయవచ్చు. పోర్టల్‌లో ప్రవేశించగానే ముందుగా ఫారం 26ఏఎస్, వార్షిక సమాచార నివేదిక చూడాలి. ఎవరు, ఎంత చెల్లించి, ఎంత మినహాయించి జమ చేశారో వాటిలో ఉంటుంది. జీతం నుండి కోత జరిగితే సంస్థ ఫారం 16, ఇతర చెల్లింపుల నుండి అయితే ఫారం 16ఏ ఇవ్వాలి. చేతిలోని కాగితంలో ఉన్న కోత 26ఏఎస్‌లో కనిపించకపోతే, చెల్లించినవారు దానిని జమ చేయలేదో, తప్పు పాన్‌పై జమ చేశారో తెలుసుకొని, సవరణ వివరణ దాఖలు చేయమని వ్రాతపూర్వకంగా కోరాలి. ఒకసారి కోత జరిగిన మేరకు ఆ పన్నును మళ్ళీ కార్మికుని నుండి వసూలు చేయరాదని సెక్షన్ 205 చెబుతున్నది. అయితే కోత జరిగినట్లు రుజువుగా బిల్లులు, జీతపు చీటీలు, బ్యాంకు వివరాలు భద్రపరచుకోవాలి.

జీతం మాత్రమే ఉన్నవారికి ఐటీఆర్-1 సరిపోతుంది. మజూరీ పని చేసే ఆసాములు సెక్షన్ 44ఏడీ కింద ఐటీఆర్-4, అనగా సుగమ్ పత్రాన్ని ఎంచుకోవచ్చు. ఇందులో బ్యాంకు ద్వారా వచ్చిన రాబడిపై కనీసం 6 శాతం, నగదు రాబడిపై కనీసం 8 శాతం లాభంగా చూపాలి. నిజమైన లాభం అంతకు ఎక్కువైతే ఎక్కువనే చూపాలి. ఉద్యోగమని చెప్పి చేర్చుకొని, “ప్రొఫెషనల్ ఫీజు” పేరిట సెక్షన్ 194జె కింద 10 శాతం కోసినవారి రాబడి రికార్డులలో జీతంగా ఉండదు. 26ఏఎస్‌లో సెక్షన్ సంఖ్య చూసి, తెలిసినవారి సలహాతో తగిన పత్రం ఎంచుకోవాలి.

దాఖలు చేసిన 30 రోజులలోగా ఆధార్ ఓటీపీ వంటి మార్గాలలో ధ్రువీకరించాలి. ధ్రువీకరించని రిటర్ను చెల్లదు. ఆ తరువాత బెంగళూరులోని కేంద్రీకృత పరిశీలన కేంద్రం లెక్క సరిచూసి, సెక్షన్ 143(1) కింద సమాచారం పంపుతుంది. ఖాతా లోపం వల్ల సొమ్ము జమ కాకపోతే, ఖాతాను సరిచేసి పోర్టల్‌లోనే తిరిగి జారీకి కోరవచ్చు. సందేహాలకు 1800 103 0025 ఉచిత ఫోను సంఖ్య ఉంది.

గడువులు

2024–25 ఆదాయానికి సంబంధించి ఆడిట్ అవసరం లేనివారి గడువు 2025 సెప్టెంబరు 16తో ముగిసింది. ఆలస్యపు రిటర్నుకు 2025 డిసెంబరు 31 వరకు వీలుండేది. ఆలస్యమైనంత మాత్రాన వాపసు హక్కు పోదు. ఆదాయం పన్ను లేని పరిమితిలోపే ఉండి, ఇతర కారణాల వల్ల కూడా రిటర్ను తప్పనిసరి కానివారికి ఆలస్య రుసుము లేదు. తప్పనిసరి అయినవారిలో ఆదాయం 5,00,000 రూపాయలు మించనివారికి అది 1,000 రూపాయలకు మించదు. వాపసుపై నెలకు అర శాతం వడ్డీ ఉన్నా, ఆలస్యంగా దాఖలు చేసినవారికి దానిని దాఖలు తేదీ నుండే లెక్కిస్తారు.

పాత సంవత్సరాల సొమ్ముకు కూడా ఒక ద్వారం తెరిచి ఉంది. ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(బి) కింద దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 అక్టోబరు 1 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ప్రకారం, మదింపు సంవత్సరం ముగిసిన నాటి నుండి 5 సంవత్సరాలలోగా ఈ దరఖాస్తు చేయాలి. లాక్‌డౌన్ వల్ల మగ్గాలు ఆగి, అనేకులు ఊళ్ళకు వెళ్ళిన 2020–21లో కోత పడినవారికి 2027 మార్చి 31 వరకు వీలుందన్నమాట. ఆలస్యానికి నిజమైన కారణం చూపాలి. మన్నింపు అధికారి నిర్ణయంపై ఆధారపడుతుంది. ఇలా వచ్చే వాపసుపై వడ్డీ ఉండదు.

శాతం అడిగే దళారులు

వచ్చే వాపసులో వాటా తీసుకుంటామని, కోత పడిన దానికంటే ఎక్కువ ఇప్పిస్తామని చెప్పేవారికి దూరంగా ఉండాలి. జమ అయిన పన్నుకు మించి వాపసు రావడం చట్టరీత్యా సాధ్యం కాదు. దానిపై వచ్చే వడ్డీ మాత్రమే అదనం. లేని ఇంటి అద్దె, ఇవ్వని విరాళాలు చూపి రిటర్నులు వేసేవారిపై 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు జరిపింది. తప్పుడు వివరాలతో ఎగవేసిన పన్నుపై 200 శాతం వరకు జరిమానా పడవచ్చు. రిటర్ను ఎవరు నింపినా, దాని బాధ్యత పాన్ ఎవరిదో వారిదే. పోర్టల్ సంకేతపదం, ఓటీపీ ఇతరులకు ఇవ్వరాదు. వాపసు వచ్చిందంటూ ఫోనుకు వచ్చే లింకులను తెరవరాదు.

పని మానేసే రోజున యజమాని వద్ద నుండి మూడు సంగతులు తెలుసుకొని బయలుదేరడం మంచిది: ఇప్పటివరకు ఎంత కోసారు, ఏ పాన్‌పై జమ చేశారు, ఫారం 16 లేదా 16ఏ ఎప్పుడు, ఏ చిరునామాకు పంపుతారు. రైలెక్కిన తరువాత వీటికి సమాధానం రాబట్టడం కష్టం.