ఇంటి పన్నులో బడిపంతులు జీతం

ఏటా మున్సిపాలిటీ వారు పంపే ఇంటి పన్ను తాఖీదును మనలో చాలామంది చివరి మొత్తం వరకు మాత్రమే చూచి, ఒక నిట్టూర్పు విడిచి, బీరువాలో పెడతారు. ఆ కాగితాన్ని ఓపికగా చదివినవారికి అందులో గ్రంథాలయ సెస్సు అనే చిన్న పద్దు కనబడుతుంది. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సు వసూలు చేస్తారు. మన ఇంటి విలువకూ, వీధి చివరి గ్రంథాలయంలోని పుస్తకానికీ ఉన్న బంధుత్వం ఇంతే. ఇక ఆ వీధిలోని ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పే ఉపాధ్యాయుని జీతానికీ, మన ఇంటి పన్నుకూ చెప్పుకోదగిన సంబంధం లేదు. ఆయన జీతం రాష్ట్ర ఖజానా నుండి వస్తుంది. మారుమూల పల్లెలో పనిచేసినా, హైదరాబాదు నడిబొడ్డున పనిచేసినా మూల వేతన స్కేలు ఒక్కటే.

ఈ సంబంధం మరొక దేశంలో ఎంత గాఢంగా ఉంటుందో, అమెరికాలోని పిల్లల వద్ద ఆరు నెలలు గడిపి వచ్చిన మన విశ్రాంత ఉద్యోగులను అడిగితే తెలుస్తుంది. తెలుగు కుటుంబాలు విరివిగా స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రంలో ఒక్కొక్క ఇంటిపై సగటు పన్ను 2024లో పదివేల డాలర్లు దాటింది. ఆ దేశంలో ఇంతటి భారం మరే రాష్ట్రంలోనూ లేదు. అందులో సుమారు సగం నేరుగా స్థానిక పాఠశాలలకు పోతుంది. పాఠశాల ఖర్చులో పెద్ద భాగం జీతాలే కనుక, ఇంటి యజమాని చెల్లించే ప్రతి డాలరులోనూ ఉపాధ్యాయుని జీతం ఉన్నట్లే. అందుచేతనే అక్కడి గృహస్థులు స్కూలు బడ్జెటు సభలకు వెళ్ళి, పంతులుగారికి ఎంత ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు అని నిలదీస్తారు. మన వార్డులోని పాఠశాల బడ్జెటు ఎంతో మనలో ఎందరికి తెలుసును? ఈ ఒక్క విషయంలో వారి పద్ధతికే నా ఓటు.

అయితే ఈ నాణేనికి రెండవ వైపు కలదు. దానిని చూడాలంటే టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియో నగరానికి, 1968వ సంవత్సరానికి వెళ్ళాలి.

అమెరికాలో స్కూలు డిస్ట్రిక్టు అంటే మన జిల్లా వంటిది కాదు. ఒక్కొక్కసారి ఒక చిన్న పట్టణమే ఒక డిస్ట్రిక్టు. దానికి ఎన్నికైన బోర్డు ఉంటుంది, పన్ను విధించే అధికారం ఉంటుంది. శాన్ ఆంటోనియోలో అటువంటివి పలు ఉండేవి. పశ్చిమాన ఎడ్జ్‌వుడ్ అనే పేదల పేట. అత్యధికులు మెక్సికన్ సంతతివారు. అక్కడి పాఠశాలల్లో సుమారు 22,000 మంది విద్యార్థులు. అదే నగరంలో ఆలమో హైట్స్ అనే సంపన్నుల పేట. అక్కడ సుమారు 5,000 మంది. పన్ను విధించదగిన ఆస్తి విలువను విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే, ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కొక్క బిడ్డ వెనుక ఉన్నది 5,960 డాలర్లు. ఆలమో హైట్స్‌లో 49,000 డాలర్లకు పైగా.

ఎడ్జ్‌వుడ్ వారు పన్ను కట్టడానికి వెనుకాడిన వారేమీ కాదు. నూరు డాలర్ల ఆస్తికి 1 డాలరు 5 సెంట్ల చొప్పున, ఆ నగర ప్రాంతంలోనే అత్యధిక రేటు వారిది. ఆలమో హైట్స్ రేటు 85 సెంట్లు మాత్రమే. అయినప్పటికీ, రాష్ట్ర పథకానికి కట్టవలసిన వాటా పోగా ఎడ్జ్‌వుడ్‌కు స్థానిక పన్ను నుండి మిగిలినది విద్యార్థికి 26 డాలర్లు. ఆలమో హైట్స్‌కు 333 డాలర్లు. రాష్ట్ర, కేంద్ర సహాయం కలిపిన తరువాత కూడ లెక్క 356కు 594గా నిలిచింది. ఎక్కువ రేటు కట్టినవారికి తక్కువ చదువు అన్నమాట. దీని ఫలితం జీతాలలోనూ, ఆ జీతాలకు వచ్చే ఉపాధ్యాయులలోనూ కనబడింది. ఎడ్జ్‌వుడ్ ఉపాధ్యాయులలో దాదాపు సగం మంది పూర్తి అర్హత లేకుండా తాత్కాలిక అనుమతులపై నెట్టుకొస్తున్నవారు. ఆలమో హైట్స్‌లో అటువంటివారు పదిమందిలో ఒకరు.

1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు తరగతులు విడిచి వీధిలోకి వచ్చారు. ఆ వేసవిలోనే కొందరు తల్లిదండ్రులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వారిలో మొదటి పేరు డెమెట్రియో రోడ్రిగ్వెజ్. ఆయన కెల్లీ వైమానిక స్థావరంలో రేకుపని చేసే కార్మికుడు. అనగా మనవలెనే ప్రభుత్వ సంస్థ ఉద్యోగి, షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చి పిల్లల చదువు గురించి బెంగపడే తండ్రి. 1971లో ముగ్గురు న్యాయమూర్తుల ఫెడరల్ కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. కాని 1973 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు, నలుగురుగా చీలి ఆ తీర్పును కొట్టివేసింది. విద్య ఆ దేశ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదన్నది మెజారిటీ అభిప్రాయం. ఆ తరువాత పోరాటం రాష్ట్ర న్యాయస్థానాలకు మళ్ళింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు పాఠశాలల నిధుల పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చింది. 1993లో సంపన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత భాగాన్ని పేద డిస్ట్రిక్టులకు మళ్ళించే చట్టం వచ్చింది. విద్యార్థులు వీధిలోకి వచ్చిన నాటినుండి లెక్కిస్తే పాతికేళ్ళు. 1968లో ఒకటో తరగతి బిడ్డ అప్పటికి ముప్పై దాటిన గృహస్థు.

కాలిఫోర్నియాలో కథ మరొక దారి పట్టింది. అక్కడ 1970 దశకంలో ఇళ్ళ ధరలతో పాటు పన్నులూ ఎగబాకాయి. జీతం పెరగకపోయినా పన్ను పెరుగుతున్నదని వృద్ధులు గగ్గోలు పెట్టారు. 1978 జూన్‌లో ప్రజలు ఓటు వేసి పదమూడవ ప్రతిపాదన అనే సవరణను ఆమోదించారు. దాని ప్రకారం ఇంటిపై మూల పన్ను విలువలో నూటికి ఒకటికి మించరాదు; ఆ విలువను ఏటా నూటికి రెండుకు మించి పెంచరాదు; ఇల్లు చేతులు మారినప్పుడే కొత్త వెల లెక్కకు వస్తుంది. పాతకాపులకు ఊరట కలిగింది. కొత్తగా కొన్నవారి సంగతి వేరు. 1988లో లాస్ ఏంజిలిస్‌లో ఇల్లు కొన్న ఒక మహిళ, చుట్టుపక్కల కొందరికంటె తనపై దాదాపు అయిదు రెట్లు పన్ను పడిందని సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1992లో ఓడిపోయింది. స్థానిక పన్ను కుదించుకుపోవడంతో పాఠశాలలను పోషించే భారం ఎక్కువగా రాష్ట్రంపై పడింది.

అక్కడి ఉపాధ్యాయుల జీతం 2023-24లో సగటున లక్ష డాలర్లు దాటింది. దక్షిణాన మిసిసిపీలో అది 55 వేల లోపే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ముక్కున వేలు వేసుకొనే ముందు ధరలను కూడ చూడాలి. దేశ సగటును నూరు అనుకుంటే మిసిసిపీలో ధరల స్థాయి 90కి దిగువన, కాలిఫోర్నియాలో 110కి ఎగువన ఉంటుంది. ఇది రాష్ట్రం మొత్తానికి సగటు. తెలుగు ఇంజనీర్లు అధికంగా ఉన్న సిలికాన్ లోయలో ఇంటి వెల ఈ లెక్కలకు అందదు. అక్కడ లక్ష డాలర్ల ఉపాధ్యాయుడు తాను చదువు చెప్పే పిల్లల వీధిలో ఇల్లు కొనలేడు.

మన సంస్థలలో ఈ చిక్కును రెండు ముక్కలు చేసి చూస్తాము. కరవు భత్యం అఖిల భారత ధరల సూచీని బట్టి వస్తుంది. ముంబయిలోని గుమాస్తాకూ, రామగుండంలోని గుమాస్తాకూ శాతం ఒక్కటే. ఊరిని బట్టి మారేది ఇంటి అద్దె భత్యం. 2017 వేతన సవరణలో అది ఊరి తరగతిని బట్టి నూటికి 24, 16, 8గా మొదలైంది; కరవు భత్యం పెరిగేకొద్దీ ఇదీ పెరిగే ఏర్పాటు కలదు. 50 లక్షల జనాభా దాటితే మొదటి తరగతి, 5 లక్షలు దాటితే రెండవది. హైదరాబాదు మొదటిదానిలో, విశాఖపట్నం, విజయవాడ, వరంగల్లు రెండవదానిలో చేరాయి. గమనించదగిన విషయం ఏమంటే, ఈ పట్టిక తలలను లెక్కిస్తుంది గాని అద్దెలను కాదు. కొత్త కర్మాగారం వచ్చిన చిన్న ఊరిలో అద్దెలు రాత్రికి రాత్రి రెట్టింపయినా, జనాభా లెక్కలు మారేదాకా ఆ ఊరు మూడవ తరగతే. అమెరికా పద్ధతి ఇంటి వెలను అతిగా పట్టించుకుంటుంది. మన పద్ధతి దాదాపు పట్టించుకోదు.

అద్దె భత్యంతో తీరని చోట మనవారు క్వార్టర్సు కట్టారు. ఉక్కునగరమైనా, జ్యోతినగరమైనా పుట్టినది అందుకే. విచిత్రమేమంటే, కాలిఫోర్నియా స్కూలు డిస్ట్రిక్టులు కూడ చివరకు ఇదే దారికి వచ్చాయి. శాంటా క్లారా డిస్ట్రిక్టు 2002లో తన ఉపాధ్యాయుల కోసం అద్దె ఇళ్ళు కట్టించి, వాటికి స్పానిష్ భాషలో మాస్టారి ఇల్లు అని అర్థం వచ్చే కాసా దెల్ మాయెస్త్రో అన్న పేరు పెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోను ఆనుకొని ఉన్న డేలీ సిటీలో హైస్కూలు డిస్ట్రిక్టు 2018లో ఓటర్ల అనుమతితో అప్పు పత్రాలు జారీ చేసి, తన సొంత స్థలంలో 122 ఇళ్ళ సముదాయాన్ని నిర్మించింది. 2022లో ఉపాధ్యాయులూ, ఇతర సిబ్బందీ అందులో చేరారు. మనకు ఊరు లేనిచోట క్వార్టర్సు అవసరమయ్యాయి. వారికి ఊరు మితిమీరి పెరిగినచోట. ఆ అప్పు తీర్చేది మళ్ళీ ఆ ఊరి ఇంటి పన్నే.

అద్దె బయటికంటె బాగా తక్కువ. అయితే ఆ ఇళ్ళలో ఎవరూ శాశ్వతంగా ఉండిపోరాదు. గడువు ముగియగానే మరొక ఉపాధ్యాయునికి చోటు వదలి, బయట అదే ధరల మధ్య ఇల్లు వెదకుకోవలసి ఉంటుంది. పదవీ విరమణకు ఆరు నెలల ముందు క్వార్టరు ఖాళీ చేయడం గురించి ఇంట్లో మొదలయ్యే సంభాషణలు విన్నవారికి ఈ భాగం వివరించనవసరం లేదు.