సోరియాసిస్ చర్మానికే పరిమితమా? పేగుల్లోని బ్యాక్టీరియాకు, గుండెకు లింకేంటి?

మోచేతులు, మోకాళ్లు, తలపై ఎర్రటి మచ్చలు.. వాటిపై తెల్లటి పొలుసులు. సోరియాసిస్ వచ్చిన చాలామంది ఆయింట్‌మెంట్ రాసుకుని, ఫుల్ హ్యాండ్స్ షర్ట్‌తో కవర్ చేసుకుని సరిపెట్టుకుంటారు. రాయదుర్గం, హైటెక్ సిటీ ఆఫీసుల్లో పనిచేసే కుర్రాళ్లయితే గుండె గురించి అసలు ఆలోచించరు. కానీ ఆలోచించాల్సిందే!

గుండెకు ముప్పు ఎందుకు?

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం వల్ల వస్తుంది. దీంతో పుట్టే ఇన్‌ఫ్లమేషన్ చర్మం దగ్గరే ఆగదు. రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. 30 ఏళ్ల వయసులో సోరియాసిస్ తీవ్రంగా ఉన్నవారికి గుండెపోటు ముప్పు దాదాపు 3 రెట్లు ఎక్కువని 2006లో బ్రిటన్ రోగుల రికార్డులపై జరిగిన స్టడీలో తేలింది. ఆ వయసులో గుండెపోట్లు అరుదే కాబట్టి కంగారు అక్కర్లేదు. అలాగని వదిలేయకూడదు.

పేగుల పాత్ర ఏంటి?

మనం తినే పీచు పదార్థాలతో పేగుల్లోని మంచి బ్యాక్టీరియా ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే ఆమ్లాలను తయారుచేస్తుంది. సోరియాసిస్ ఉన్నవారిలో ఈ బ్యాక్టీరియా బ్యాలెన్స్ వేరుగా ఉంటున్నట్లు పలు పరిశోధనల్లో కనిపించింది. మటన్ లాంటి రెడ్ మీట్ ఎక్కువగా తింటే కొన్ని బ్యాక్టీరియాల వల్ల టీఎంఏఓ అనే పదార్థం పెరుగుతుంది. రక్తంలో ఇది ఎక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బులూ ఎక్కువే. అయితే బ్యాక్టీరియా తేడా వల్ల సోరియాసిస్ వస్తోందా, సోరియాసిస్ వల్లే ఆ తేడా వస్తోందా అన్నది ఇంకా తేలలేదు.

ఐటీ కారిడార్‌లో పరిస్థితి ఇదీ..

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు, 71 శాతం మందికి ఊబకాయం ఉన్నట్లు తేలింది. 2025లో ఈ వివరాలు సైంటిఫిక్ రిపోర్ట్స్ జర్నల్‌లో వచ్చాయి. గంటల తరబడి కూర్చోవడం, నైట్ షిఫ్టులు, బయటి ఫుడ్.. వీటికి సోరియాసిస్ కూడా తోడైతే గుండెపై భారం ఇంకా పెరుగుతుంది.

ఏం చేయాలి?

* సోరియాసిస్ ఉంటే ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, బరువు చెక్ చేయించుకోవాలి. స్కిన్ డాక్టర్‌ను ఈ టెస్టుల గురించి అడగాలి.
* జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు, పెరుగు రోజువారీ భోజనంలో ఉండాలి.
* సిగరెట్ మానేయాలి. మద్యం తగ్గించాలి.
* ప్రోబయోటిక్ క్యాప్సూల్స్‌ను నమ్ముకుని డాక్టర్ రాసిన మందులు ఆపకూడదు.
* ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే గ్యాస్ అనుకుని ఊరుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.