వేడి వదిలాక మిగిలిన నీరు

ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా కాచడానికి 70 కిలో కేలరీలు సరిపోతాయి. ఆ మరుగుతున్న నీరంతా ఆవిరి కావాలంటే మాత్రం ఇంకో 540 పోయాలి. ఈ రెండో దఫా వేడి థర్మామీటరుకు అందదు. నీరూ 100 దగ్గరే ఉంటుంది, ఆవిరీ అక్కడే ఉంటుంది. గుప్తోష్ణం అని బడిలో చదువుకున్నది దీన్నే. ఇది మళ్లీ బయటపడేది ఆవిరి తిరిగి నీరైన క్షణంలోనే. వాసెన కట్టిన కుండ మీద కుడుము ఉడికేదీ ఇలాగే. పిండికి తగిలిన ఆవిరి అక్కడే నీరవుతూ తన వేడిని వదిలేస్తుంది.

ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్లేకొద్దీ ఎదురయ్యే మూడు పరిశ్రమలకు ఈ సూత్రమే ఆధారం. భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డున సారపాకలో కాగితం, అట్ట తయారవుతాయి. అశ్వాపురం మండలంలో మణుగూరు భారజల కర్మాగారం ఉంది. అశ్వారావుపేట వైపు పామాయిల్ గెలలు ఆడే మిల్లులున్నాయి. 2016 దాకా ఇవన్నీ ఖమ్మం జిల్లాలోవే. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కిందికి వస్తాయి.

సారపాక మిల్లులో ఉత్పత్తి మొదలైంది 1979లో. భద్రాచలం పేపర్ బోర్డ్స్ పేరుతో నడిచిన ఆ కంపెనీ 2002లో ఐటీసీలో కలిసిపోయింది. తొలి రోజుల్లో అడవి వెదురు ప్రధానమైన ముడిసరుకు. తర్వాత రైతుల పొలాల్లో పెరిగిన సుబాబుల్, జామాయిల్ కర్ర దాని చోటు తీసుకుంది. ఏ కర్ర వచ్చినా ఆవిరి పని మారదు. చెక్కముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిసిన ద్రావణంలో దాదాపు 165 డిగ్రీల దగ్గర ఉడికించి గుజ్జు తీయాలి. ఆ గుజ్జును పలుచగా పరిచి, పిండి, ఆరబెట్టాలి. ఉడికించేదీ ఆవిరే, ఆరబెట్టేదీ ఆవిరే.

ఇలాంటి మిల్లుల్లో బాయిలర్ నుంచి ఎక్కువ ఒత్తిడితో వచ్చే ఆవిరిని నేరుగా గుజ్జు దగ్గరికి పంపరు. ముందు టర్బైన్ తిప్పించి కరెంటు తీస్తారు. ఒత్తిడి తగ్గిన ఆవిరిని టర్బైన్ మధ్య నుంచో చివరి నుంచో తీసుకుని ఉడికించడానికి, ఆరబెట్టడానికి వాడతారు. కరెంటు తీశాక కూడా దానిలో గుప్తోష్ణం చాలావరకు అలాగే ఉంటుంది. ఒకే బొగ్గుతో రెండు పనులు. పైగా ఆవిరి ఎంత వేడిగా ఉండాలో ఒత్తిడే తేల్చేస్తుంది. ప్రెషర్ గేజీ మీద చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు చూపిస్తే సుమారు 143 డిగ్రీలు, 10 కిలోలు చూపిస్తే 183. ఒక్క వాల్వు సర్దితే ఉష్ణోగ్రత కుదురుతుంది, అదీ వేడి తగిలే చోటంతటా ఒకేలా. మంట పెట్టి కాచే పద్ధతిలో ఈ నిలకడ రాదు.

కాగితం ఆరే చోట దీని అవసరం బాగా తెలుస్తుంది. మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే ఇనుప సిలిండర్లు పదుల సంఖ్యలో వరుసగా తిరుగుతుంటాయి. వాటి లోపల ఆవిరి, వాటిని చుట్టుకుంటూ పోయే తడి కాగితం బయట. మొదటి సిలిండర్లలో వేడి తక్కువగా ఉంచుతారు. ఒక్కసారిగా కాలిన ఇనుము తగిలితే తడి నార దానికి అతుక్కుని ఊడి వస్తుంది. ఒత్తే రోలర్ల నుంచి కాగితం బయటపడేటప్పుడు దానిలో ఇంకా సగానికి మించి నీరే ఉందనుకుందాం. గట్టి పదార్థం 45 శాతం. అయిదు శాతం తేమతో ఒక టన్ను కాగితం చేతికి రావాలంటే 1.1 టన్నుల నీరు ఆవిరైపోవాలి. రోలర్లు ఇంకాస్త బాగా పిండి ఆ 45ను 50 చేస్తే ఆవిరి కావలసిన నీరు 0.9 టన్నులకు తగ్గుతుంది. అంటే దాదాపు ఐదో వంతు ఆవిరి మిగిలినట్టే. అందుకే కాగితం మిల్లులో ఆవిరి పొదుపు గురించి మాట్లాడేవాళ్లు ముందు చూసేది పిండే రోలర్లను.

సిలిండరు లోపల ఇంకో తంటా ఉంది. వేడి వదిలిన ఆవిరి నీరై అక్కడే ఉంటుంది. ఈ నీటినే ప్లాంటుల్లో కండెన్సేట్ అంటారు. సిలిండరు మెల్లగా తిరిగితే అది అడుగున మడుగు కడుతుంది. వేగం పెరిగితే గోడతో పాటు పైకెక్కి జారిపడుతుంది. ఇంకా పెరిగితే లోపలి గోడకంతా ఉంగరంలా అంటుకుని తిరుగుతుంది. ఇనుముతో పోలిస్తే నీరు వేడిని అరవై, డెబ్బై రెట్లు తక్కువగా దాటనిస్తుంది. పలుచటి నీటి పొర చాలు, లోపల ఆవిరి ఎంత ఉన్నా బయట కాగితం సరిగా ఆరదు. కాబట్టి ప్రతి సిలిండరులోనూ సైఫన్ గొట్టం పెట్టి ఆ నీటిని లాగేస్తారు. నీటితో పాటు కొంత ఆవిరి కూడా కావాలనే బయటికి పోనిస్తారు, నీటిని తోసుకుపోయేది అదే కనుక. ఆ ఆవిరిని ఒక ట్యాంకులో వేరుచేసి, తక్కువ ఒత్తిడితో నడిచే తర్వాతి సిలిండర్ల గుంపుకు పంపుతారు.

స్థిరంగా ఉండే హీటర్లలో ఈ పని స్టీమ్ ట్రాప్‌ది. నీరు వస్తే తెరుచుకోవాలి, ఆవిరి వస్తే మూసుకోవాలి. కొన్నింటిలో తేలే బంతి ఉంటుంది, కొన్నింటిలో బోర్లించిన చిన్న బకెట్, కొన్నింటిలో ఎగిరిపడే బిళ్ల. అరచేతిలో పట్టే బిళ్ల ట్రాపు మూసుకుపోతే హీటరు నీటితో నిండి చల్లబడుతుంది. ఆ లోపం వెంటనే తెలుస్తుంది. తెరుచుకుపోయి ఉండిపోతే పని మామూలుగానే నడుస్తుంది, ఆవిరి మాత్రం రాత్రింబవళ్లు వృథాగా పోతుంది. అసలు నష్టం ఈ రెండోదే. అనుభవమున్న ఫిట్టరు స్క్రూడ్రైవరు మొన ట్రాపుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. ఆగి ఆగి వచ్చే చప్పుడైతే ట్రాపు బాగున్నట్టు, ఆగకుండా ఈల వేస్తుంటే పోయినట్టు. గొట్టంలో నీరు నిలవడం ఇంకా ప్రమాదం. వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని ముద్దగా తోసుకెళ్లి వంపు దగ్గర గుద్దుతుంది. వాటర్ హ్యామర్ అనే ఈ దెబ్బకు వాల్వులు పగిలిన సందర్భాలున్నాయి. ఆవిరి గొట్టాలను కొద్దిగా వాలుగా వేసేదీ, చల్లటి లైనులోకి ఆవిరిని మెల్లగా వదిలేదీ ఇందుకే.

బయటికి తెచ్చిన కండెన్సేట్ మురుగునీరు కాదు. గోదావరి నీటిని బాయిలర్‌కు పనికొచ్చేలా చేయాలంటే వడకట్టి, దానిలోని కాల్షియం, సిలికా లాంటి లవణాలన్నీ తీసేయాలి. లేకపోతే గొట్టాల్లో పొర కడతాయి. కండెన్సేట్ అప్పటికే స్వేదనజలమంత శుభ్రమైన నీరు, పైగా వేడి నీరు. 30 డిగ్రీల కొత్త నీటికి బదులు 90 డిగ్రీల కండెన్సేట్ వెనక్కి పంపితే ఇంధనంలో దాదాపు పదో వంతు కలిసొస్తుంది. 3 కిలోల ఒత్తిడి నుంచి ఒక్కసారిగా బయటికి వదిలితే మాత్రం అందులో ఎనిమిది శాతం మళ్లీ ఆవిరై గాలిలో కలుస్తుంది. దానినీ పట్టి వాడుకోవచ్చు. అయితే హీటరులో ఎక్కడైనా చిల్లుపడి రసాయనం కలిసిందంటే ఆ నీరు బాయిలర్‌కే ఎసరు పెడుతుంది. అందుకని తిరుగు లైనులో విద్యుద్వాహకతను కొలిచే మీటరు పెడతారు. అది హద్దు దాటగానే వాల్వు మళ్లి ఆ నీటిని పక్కకు వదిలేస్తుంది.

చెక్కముక్కల నుంచి గుజ్జు తీశాక మిగిలే నల్లటి ద్రావణాన్ని చిక్కబరచడంలో ఆవిరి పొదుపు ఇంకో మెట్టు ఎక్కింది. మొదటి పాత్రలో ఆవిరి ద్రావణాన్ని మరిగిస్తుంది. అలా లేచిన ఆవిరి, ఒత్తిడి తక్కువగా ఉన్న రెండో పాత్రను మరిగిస్తుంది, దానిది మూడోదాన్ని, అలా వరుసగా చివరి పాత్ర దాకా. ఒక టన్ను ఆవిరితో నాలుగైదు టన్నుల నీరు పోతుంది. చిక్కబడ్డ ద్రావణాన్ని రికవరీ బాయిలర్‌లో కాలిస్తే మళ్లీ ఆవిరి పుడుతుంది.

మణుగూరు కర్మాగారంలో ఆవిరి పని వేరు. 1991లో మొదలైన ఈ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 185 టన్నుల భారజలం. మామూలు నీటిలో పది లక్షల హైడ్రోజన్ పరమాణువులకు సుమారు 150 మాత్రమే డ్యుటీరియం అనే బరువైన రకం. ఒత్తిడి మీద నీటికీ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుకూ పొత్తు కలిపితే, చల్లటి టవరులో డ్యుటీరియం నీటిలోకి, సుమారు 130 డిగ్రీల వేడి టవరులో వాయువులోకి జరుగుతుంది. అంటే కొంచెం సరుకు కోసం బోలెడంత నీటిని కాచాలి, మళ్లీ చల్లార్చాలి. సింగరేణి బొగ్గుకు, గోదావరికి దగ్గరగా దీన్ని కట్టడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు.

అశ్వారావుపేట ప్రాంతపు మిల్లుల్లో ఆవిరి నేరుగా సరుకునే తాకుతుంది. కోసిన పామాయిల్ గెలలను ఆలస్యం చేయకుండా ఉడికించాలి. లేకపోతే పండులోని ఎంజైము నూనెను కొవ్వు ఆమ్లాలుగా విరగ్గొడుతుంది. పెద్ద ఉక్కు పాత్రల్లో సుమారు 3 కిలోల ఒత్తిడితో గంట, గంటన్నర ఉడికిస్తారు. గెల సందుల్లో ఇరుక్కున్న గాలి వేడిని దగ్గరికి రానివ్వదు కాబట్టి, ఒత్తిడిని పెంచి ఒక్కసారిగా వదలడం రెండు మూడు సార్లు చేస్తే గాలి కొట్టుకుపోతుంది. ఉడికిన పండ్లు గెల నుంచి సులువుగా రాలతాయి. నూనె తీశాక మిగిలే పీచు, పెంకులే బాయిలర్‌కు మేత. ఇక్కడి కండెన్సేట్‌లో మాత్రం నూనె, పీచు, మట్టి అన్నీ కలుస్తాయి. అది బాయిలర్‌కు తిరిగి వెళ్లదు. పైన తేలిన నూనెను తీసుకుని, మిగతాదాన్ని శుద్ధి చేసే చెరువుల్లోకి వదులుతారు. గాలి సోకని అడుగు పొరల్లో సూక్ష్మజీవులు ఆ మడ్డిని తింటూ మీథేన్ పుట్టిస్తాయి. చెరువుకు కప్పు వేసిన చోట ఆ వాయువును పట్టి కాల్చుకోవచ్చు.