ల్యాప్‌టాప్‌లోనే ల్యాబ్... నెట్‌వర్క్ కుదిరితేనే!

లినక్స్ నేర్చుకుందామని వర్చువల్‌బాక్స్ వేశారు. అందులో ఉబుంటు ఇన్‌స్టాల్ అయింది. బ్రౌజర్‌లో ఇంటర్నెట్ కూడా వస్తోంది. కానీ విండోస్ నుంచి ఆ ఉబుంటును పింగ్ చేస్తే జవాబు లేదు. ఇంకో వర్చువల్ మెషీన్ పెడితే దానికీ అదే ఐపీ! చాలామంది ఇక్కడే విసిగిపోయి ల్యాబ్ మూసేస్తారు. నిజానికి ఏదీ పాడవలేదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ‘అటాచ్డ్ టు’ అనే ఒక్క ఆప్షన్ అర్థమైతే సగం చిక్కులు తీరిపోతాయి.

నాట్: వెళ్లొచ్చు, రాలేరు

మనం ఏమీ మార్చకపోతే ఉండేది ఇదే. ప్రతి మెషీన్ ముందూ వర్చువల్‌బాక్స్ ఒక చిన్న రౌటర్‌ను విడిగా పెడుతుంది. అందుకే ప్రతిదానికీ మామూలుగా 10.0.2.15 అనే అడ్రస్సే వస్తుంది. వేర్వేరు ఇళ్లలో ఒకే గది నంబర్ ఉన్నట్టన్నమాట. లోపలి నుంచి బయటికి వెళ్లొచ్చు గానీ, బయటి నుంచి లోపలికి దారి ఉండదు. దారి కావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాలి. హోస్ట్ పోర్ట్ 2222ను గెస్ట్ పోర్ట్ 22కు కలిపితే, ఉబుంటులో ఎస్ఎస్‌హెచ్ సర్వర్ నడుస్తున్నప్పుడు 127.0.0.1 అడ్రస్‌తో, 2222 పోర్ట్‌తో లాగిన్ కావచ్చు. మెషీన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ‘నాట్ నెట్‌వర్క్’ ఎంచుకోండి.

బ్రిడ్జ్‌డ్: ఇంట్లో ఇంకో ఫోన్‌లాగా

ఇందులో వర్చువల్ మెషీన్ నేరుగా మీ ఇంటి రౌటర్ నుంచే ఐపీ తీసుకుంటుంది. అదే వైఫైలో ఉన్న ఫ్రెండ్ కూడా మీ వెబ్ సర్వర్‌ను తెరిచి చూడొచ్చు. అయితే ఒక మెలిక ఉంది. లాగిన్ పేజీ ఉన్న, లేదా రిజిస్టర్ చేసిన డివైజ్‌లనే రానిచ్చే హాస్టల్, కాలేజీ వైఫైలో ఇది చాలాసార్లు పనిచేయదు. కొన్ని వైఫై కార్డులతోనూ పేచీ వస్తుంది. తప్పు ఉబుంటుది అనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి.

హోస్ట్ ఓన్లీ, ఇంటర్నల్

హోస్ట్ ఓన్లీలో మీ ల్యాప్‌టాప్, వర్చువల్ మెషీన్లు మాత్రమే ఉంటాయి. ల్యాప్‌టాప్ వైపు అడ్రస్ మామూలుగా 192.168.56.1. ఇంటర్నెట్ ఉండదు. ఇంటర్నల్ అయితే మెషీన్లు తమలో తామే మాట్లాడుకుంటాయి, ల్యాప్‌టాప్‌కు కూడా ప్రవేశం లేదు.

ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. మెటాస్ప్లాయిటబుల్ లాంటి మెషీన్లను కావాలనే లోపాలతో తయారు చేస్తారు. వాటిని బ్రిడ్జ్‌డ్‌లో పెడితే, తాళం లేని తలుపును కాలేజీ నెట్‌వర్క్ మొత్తానికీ తెరిచి పెట్టినట్టే. హోస్ట్ ఓన్లీ లేదా ఇంటర్నల్‌లోనే ఉంచండి.

ఏది ఎంచుకోవాలి?

ఎక్కువమందికి సరిపోయేది రెండు అడాప్టర్ల పద్ధతి. మొదటిది నాట్, అప్‌డేట్ల కోసం. రెండోది హోస్ట్ ఓన్లీ, లాగిన్ కోసం. ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాల్ అయ్యాక రెండో అడాప్టర్ కలిపితే దానికి ఐపీ దానంతటదే రాకపోవచ్చు. నెట్‌ప్లాన్ ఫైల్‌లో దాన్ని చేర్చాలి. మెషీన్‌ను క్లోన్ చేసేటప్పుడు మాక్ అడ్రస్‌లు కొత్తవి తయారు చేయమనే ఆప్షన్ పెట్టడం మరచిపోవద్దు.

ఇంటర్వ్యూకు ఏం లాభం?

క్లౌడ్‌లో ప్రైవేట్ సబ్‌నెట్‌లోని సర్వర్ నాట్ గేట్‌వే ద్వారా బయటికి వెళ్తుంది, బయటివాళ్లు దాన్ని నేరుగా చేరలేరు. మీ ల్యాప్‌టాప్‌లో చూసిన సూత్రమే ఇది. క్లౌడ్, డెవాప్స్, సిస్టమ్ అడ్మిన్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఇది పునాది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. రెండు ఉబుంటు సర్వర్లు పెట్టండి. ఒకదాంట్లో వెబ్ సర్వర్, ఇంకోదాంట్లో డేటాబేస్. ఇన్‌స్టాలేషన్లు పూర్తయ్యాక డేటాబేస్‌ను ఇంటర్నల్‌లోకి మార్చండి. వెబ్ సర్వర్‌కు హోస్ట్ ఓన్లీ, ఇంటర్నల్ రెండూ ఇవ్వండి. ఇంటర్నల్‌లో ఐపీలు మీరే కేటాయించాలి. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో వెబ్ పేజీ తెరుచుకోవాలి, డేటాబేస్ మాత్రం అందకూడదు. అలా ఎందుకు జరిగిందో కాగితం మీద బొమ్మ గీసి చెప్పగలిగితే, రెజ్యూమెలో ఆ ప్రాజెక్టును ధైర్యంగా రాసుకోవచ్చు.