డ్రాగన్ ఎంత పెద్దగా ఉంటే నమ్ముతాం?

మా తమ్ముడు మొబైల్ గేమ్ చేస్తున్నాడు. అందులో డ్రాగన్, కథల్లో గండభేరుండంలా, ఏనుగునే ఎత్తుకుపోతుంది. చూసినవాళ్లు నవ్వారంట. "ఎందుకన్నా?" అన్నాడు దిగులుగా. మూడు నెలల పని మరి! మా రాంగోపాల్‌పేట్ డాబా ఎక్కించి, పైన తిరుగుతున్న గద్దని చూపించా.

గద్ద రెక్కలు చాపితే దాదాపు 1.5 మీటర్లు, బరువు 800 గ్రాములు అనుకుందాం. దాన్ని అన్ని వైపులా 10 రెట్లు పెంచండి. రెక్కల వైశాల్యం 100 రెట్లు పెరుగుతుంది, బరువు మాత్రం 1000 రెట్లు! అంటే 800 కిలోలు. గాల్లో నిలవాలంటే మూడు రెట్లకు పైగా స్పీడ్ కావాలి. ఇంక ఏనుగుని ఎక్కడ మోస్తుంది?

నిజంగా ఎగిరిన భారీ జీవి క్వెట్జాల్‌కోట్లస్. రెక్కలు 10 మీటర్లు, బరువు 200-250 కిలోలేనని అంచనా. మన బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూశారుగా? ఉమ్మడి ఆదిలాబాద్‌లో దొరికింది. బరువు టన్నుల్లో. దానికి రెక్కలు అతికించినా ఎగరదు.

కాబట్టి ఎగిరే డ్రాగన్‌కి సన్నటి ఒళ్లు, బోలు ఎముకలు, పొడవాటి రెక్కలు ఇవ్వండి. మా వాడూ అదే చేశాడు. ఏనుగు సీన్ తీసెయ్యలేదు. ఇప్పుడు డ్రాగన్ ఏనుగుని ఎత్తదు, పైనుంచి దూసుకొచ్చి బెదరగొడుతుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు!