పడగ్గదిలో వెండితెర

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. ఇంటిల్లిపాదీ కొత్త ప్రొజెక్టర్ ముందు చేరారు. తీరా వేస్తే... బొమ్మ వెలవెలబోతోంది. మాటలు వినపడవు, పాటొస్తే చెవులు చిల్లులు పడుతున్నాయి. ‘ఈమాత్రం దానికి టీవీయే నయం’ అంటూ బామ్మగారు లేచి వెళ్లిపోయారు. ముచ్చటపడి సొంత థియేటర్ పెట్టుకున్న చాలామంది సినిమా పిచ్చోళ్లకు ఎదురయ్యే అనుభవమే ఇది. తప్పు చాలాసార్లు ప్రొజెక్టర్‌ది కాదు, గదిది!

ప్రొజెక్టర్ వెలుగునే వేయగలదు, నలుపును వేయలేదు. తెర మీద వెలుగు పడని చోటే దానికి నలుపు. అందుకే కిటికీ సందులోంచి కాస్త ఎండ దూరినా రాత్రి సీను బూడిదరంగుకు తిరుగుతుంది. తెల్లటి గోడలూ శత్రువులే. తెర మీది కాంతి వాటికి తగిలి మళ్లీ తెర మీదికే వస్తుంది. గదంతా కాకపోయినా తెర దగ్గరి నాలుగైదు అడుగుల గోడలకూ, పైకప్పుకూ మెరుపులేని ముదురు రంగు వేయిస్తే చాలు, బొమ్మ తేటపడుతుంది.

14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు ఉన్న గదికి 100 అంగుళాల తెర సరిపోతుంది. దాని వెడల్పు ఏడుంపావు అడుగులు. పదడుగుల దూరంలో కూర్చుంటే కళ్లనిండా సినిమాయే. ఆశకొద్దీ 150 అంగుళాలకు వెళ్లారో... ఉన్న వెలుగే రెండింతలకు పైగా చోటుకు పంచాలి. ఇంకో మాట. 1957 నాటి ‘మాయాబజార్’ వేస్తే తెరకు రెండు పక్కలా ఖాళీ ఉంటుంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ ‘అల్లూరి సీతారామరాజు’ (1974) వేస్తే పైనా కిందా. అది లోపం కాదు, ఆ సినిమాల కొలతే అంత. రిమోట్‌తో సాగదీసి తెర నింపితే ఘటోత్కచుడు ఇంకా లావైపోతాడు!

ఇక శబ్దం. 5.1 అంటే ముందు మూడు స్పీకర్లు, చెవులకు కాస్త వెనగ్గా పక్కల రెండు, దడదడలకు ఒక సబ్‌వూఫర్. వీటిలో తెర మధ్యన ఉండేదే మాటలు పలికేది. డబ్బు ఆదా చేయాల్సి వస్తే ఇంకెక్కడైనా చేయొచ్చుగానీ దీని దగ్గర కాదు. అయితే, గదిలో చప్పట్లు కొడితే ఖంగుమంటోందా? ఎంత మంచి స్పీకరైనా మాట ముద్దయిపోతుంది. టైల్స్ మీద మందపాటి తివాచీ, గోడలకు మడతల తెరలు, వెనక పుస్తకాల బీరువా ఉంటే చాలావరకు సర్దుకుంటుంది. కొందరు కోడిగుడ్ల అట్టలు అంటిస్తుంటారు. వాటితో పక్కింటికి చప్పుడు వెళ్లడం ఆగదు సరికదా, నిప్పంటుకుంటే ప్రమాదం. తలుపు కింద సందు మూయడమే మేలు.

సబ్‌వూఫర్ ఎక్కడ పెట్టాలన్నదానికో తమాషా చిట్కా ఉంది. మనం కూర్చునే చోట దాన్నుంచి, పాట పెట్టి, గదిలో మోకాళ్ల మీద పాకుతూ వినాలి. ఎక్కడ గుంభనంగా, సమంగా వినపడితే అక్కడే దాని చోటు. చూసి పిల్లలు నవ్వితే నవ్వనీ!

చిన్న గదికి పెద్ద రిక్లైనర్లు దండగ. ముందు పరుపూ బాలీసులూ, వెనక సోఫా వేస్తే నేలా కుర్చీ రెండు క్లాసులూ ఒకే గదిలో! ఎవరి తలా ఎవరికీ అడ్డురాదు.

దీపంతో పనిచేసే ప్రొజెక్టర్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి. ఆపాక కూడా లోపలి ఫ్యాన్ కాసేపు తిరిగి దీపాన్ని చల్లార్చాలి. ఉన్నట్టుండి కరెంటు పోతే దీపం ఆయుష్షు తగ్గుతుంది. సినిమా అవగానే ప్లగ్గు పీకేసే అలవాటున్న వాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.