సింగపూరు ప్రయాణం – చేతిఖర్చు లెక్క

ఇల్లు కదిలితే ఖర్చే. బాపట్ల నుంచి తెనాలి రావాలన్నా, రేపల్లె నుంచి తెనాలిలో బండి మారి మద్రాసు పోవాలన్నా ముందు జేబు తడిమి చూసుకుంటాం. అయితే మన దేశంలో ఏ స్టేషనులో దిగినా రూపాయి రూపాయే. తక్కువ పడితే తెలిసినవాళ్ళ దగ్గర చేబదులు పుడుతుంది. సముద్రం దాటితే ఆ ధీమా ఉండదు. అక్కడి టీకొట్టులో మన నోటు చెల్లదు, అక్కడి నోటు విలువ మనకు చప్పున తట్టదు. అందుకే పరాయి నగరానికి నాలుగు రోజుల కోసం వెళ్ళేవారు చేతిఖర్చుకు ఎంత నగదు పట్టుకెళ్ళాలి అన్నది పైకి చిన్నగా కనబడే పెద్ద ప్రశ్న. ఈ వ్యాసంలో సింగపూరును ఉదాహరణగా తీసుకుని ఆ లెక్క వేసి చూద్దాం.

ముందుగా కొంత చరిత్ర. ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు, ఎందుకంటే మన చేతికి డబ్బే ఇచ్చేవారు కాదు. దేశంలో విదేశీమారక ద్రవ్యం కరువుగా ఉన్న 1960ల చివర, 1970లలో విదేశాలకు వెళ్ళినవారు విమానం ఎక్కేటప్పుడు తమ చేతిలో ఉన్నది 8 డాలర్లే అని ఇప్పటికీ చెబుతుంటారు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక డాలరు 7 రూపాయల 50 పైసలు. అంటే ఆ 8 డాలర్లు 60 రూపాయలన్నమాట! 1973లో వచ్చిన విదేశీమారక నియంత్రణ చట్టం ఆ కట్టడిని మరింత బిగించింది. దాని స్థానంలో 1999లో చేసిన కొత్త చట్టం 2000 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చాక పగ్గాలు వదులయ్యాయి. ఇప్పుడు సింగపూరు వంటి దేశాలకు వెళ్ళే మనిషి ఒక్క ప్రయాణానికి 3,000 అమెరికా డాలర్ల విలువ వరకు విదేశీ నోట్లు పట్టుకెళ్ళవచ్చు. మన రూపాయి నోట్లయితే 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు. అంటే ప్రశ్న తిరగబడింది. 'ఎంత ఇస్తారు?' అన్నది పోయి, 'ఎంత అవసరం?' అన్నది మిగిలింది.

రేపల్లె దగ్గర పల్లెలో ఉండే మా మావయ్య ఈ ప్రశ్నే నన్నడిగాడు. కొడుకు సింగపూరులో ఉద్యోగం. నలుగురు కలిసి అద్దెకుండే ఇంట్లో ఒక మంచం వాడిది. అమ్మానాన్న వస్తే పడుకోబెట్టే చోటు లేదు గనక దగ్గర్లో లాడ్జి గది చూశాడు. చదువుకు తెచ్చిన అప్పు వాడింకా కడుతూనే ఉన్నాడు.

"ఏరా అబ్బాయ్, లక్ష రూపాయలు పట్టుకెళితే చాలంటావా? ఊరుగాని ఊరు. కాఫీ నీళ్ళకు కూడా వాడి ముందు చెయ్యి చాపకూడదు" అన్నాడు.

"అంత దేనికి మావయ్యా, ముందు లెక్క రాద్దాం" అన్నాను.

లెక్కకు మొదటి సూత్రం: ఖర్చంతా ఒకే కుప్పగా పోయవద్దు, మూడు కుప్పలు చేయాలి. మొదటిది ఇక్కడ ఉండగానే కట్టేసేవి. విమానం టిక్కెట్టు, లాడ్జి గది, వీసా రుసుము 30 సింగపూరు డాలర్లు, దాని మీద ఏజెంటు తీసుకునేది, ఇవన్నీ అందులోకి వస్తాయి. సింగపూరులో దిగడానికి మూడు రోజుల లోపల నింపవలసిన రాక పత్రం ఒకటుంది. అది పూర్తిగా ఉచితం. దానికి ఎవరైనా డబ్బడిగితే ఇవ్వనక్కరలేదు. రెండో కుప్ప అక్కడ కార్డుతో కట్టదగినవి: పెద్ద దుకాణాల్లో సామాను, టిక్కెట్టు పెట్టి చూసే ప్రదర్శనలు. మూడోది చేతి నగదుతో జరిగేవి: తిండి, కాఫీ, సిటీ రైలు కార్డులో వేసే డబ్బు, గుడి హుండీ, ఒకటి రెండు టాక్సీలు. మనం నోట్లు కొనవలసింది ఈ మూడో కుప్పకే.

రెండో సూత్రం: రోజుకింత అని రాయాలి. సింగపూరులో 'హాకర్ సెంటర్లు' అని ఉంటాయి. ఒక కప్పు కింద పదుల కొద్దీ చిన్న తిండి కొట్లు. ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. సెరంగూన్ రోడ్డు మొదట్లో, లిటిల్ ఇండియాలో ఉన్న టెక్కా సెంటర్ అలాంటిదే. మన దోసె, ఇడ్లీ, అన్నం దొరుకుతాయి. మనిషికి పొద్దున టిఫినుకు 4, మధ్యాహ్నం 7, రాత్రి 7 డాలర్లు వేసుకున్నాం. ఇద్దరికీ కలిపి రోజుకు 36, నాలుగు రోజులకు 144. కాఫీ, టీలకు రోజుకు 8 చొప్పున 32. రైలు, బస్సులకు రోజుకు 12 చొప్పున 48. గుడికి, చిల్లర ఖర్చులకు 20. ఒక్క టాక్సీకి 30. అర్ధరాత్రి నుంచి ఉదయం 6 లోపల మీటరు టాక్సీ ఎక్కితే మీటరు మీద సగం అదనంగా పడుతుంది గనక ఆ పద్దు కాస్త ఎక్కువగానే రాశాం. మొత్తం 274 డాలర్లు.

మూడో సూత్రం: ప్రయోగశాలలో కొలతకు పొరపాటు హద్దు వేసినట్టు, లెక్కకూ ఒక హద్దు వేయాలి. పావు వంతు కలిపాం. 274కి 68 కలిస్తే 342. గుండుగుత్తగా 350. డాలరు 70 రూపాయలనుకుంటే 24,500 రూపాయలు. (ధర రోజూ మారుతుంది, బయలుదేరే వారంలో చూసుకోవాలి.) మా వాళ్ళకు రూపాయల్లో కంటే ధాన్యంలో చెబితే బాగా ఎక్కుతుంది. 2025-26కు సాధారణ రకం వడ్లకు ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు సుమారు 1,777. అంటే ఈ చేతిఖర్చు పధ్నాలుగు బస్తాలు! ఎకరానికి ముప్పై బస్తాలు పండే పొలంలో దాదాపు అరెకరం పంట. మావయ్య అనుకున్న లక్ష అయితే యాభయ్యారు బస్తాలు.

"ఎక్కువ పట్టుకెళితే నష్టమేమిటి? మిగిలితే వెనక్కి తెచ్చుకుంటాం గదా" అని అడగవచ్చు. నష్టం ఉంది. నోట్ల మార్పిడి తెనాలి నిమ్మకాయల మార్కెట్టు వంటిదే. అమ్మేటప్పుడు ఒక ధర, కొనేటప్పుడు ఒక ధర. ఉదాహరణకు, మారకందారు మనకు డాలరు 71కి అమ్మి, మన దగ్గర 66కి కొంటాడనుకోండి. అవసరం లేని 1,000 డాలర్లు కొని, విప్పకుండా తెచ్చి అమ్మితే 5,000 రూపాయలు ఊరికే పోయినట్టు. దాదాపు మూడు బస్తాలు. పైగా పరాయి ఊళ్ళో అంత నగదు నడుముకు కట్టుకు తిరగడం నిద్రకు చేటు.

మరీ తక్కువ పట్టుకెళ్ళినా నష్టమే. అక్కడి ఏటీఎంలో మన కార్డు పెట్టి తీస్తే, తీసిన ప్రతిసారీ రుసుము, మారకం మీద అదనపు శాతం పడతాయి. అసలు ఆ కార్డు పనిచేయాలి గదా! 2020 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలోనే పనిచేస్తాయి. విదేశాల్లో వాడాలంటే ఆ వసతిని మనమే తెరిపించుకోవాలి. ఈ పని ఊళ్ళో ఉండగానే చేసుకోవాలి. దుకాణంలో కార్డు గీసినప్పుడు యంత్రం 'రూపాయల్లోనా, డాలర్లలోనా?' అని అడిగితే డాలర్లలో అనే చెప్పాలి. రూపాయలంటే తెలిసిన లెక్కలా ఉంటుంది గాని, ఆ మారకం ధర వాళ్ళు వేసిందే, మనకు గిట్టదు. ఫోనుతో చెల్లింపుల సంగతంటారా, మన యూపీఐకి, సింగపూరు పేనౌకు 2023 ఫిబ్రవరి 21న లంకె కుదిరింది. అది ముఖ్యంగా మనిషి నుంచి మనిషికి డబ్బు పంపుకోవడానికి. దాని మీద భరోసా పెట్టుకుని ఖాళీ జేబుతో పోకూడదు.

నోట్లు ఎక్కడ కొనాలి? రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న బ్యాంకులో గాని, మారకందారు దగ్గర గాని. మన చిన్న పట్నాల్లో అన్ని నోట్లూ నిల్వ ఉండవు, వారం ముందు చెప్పి తెప్పించుకోవాలి. పాస్‌పోర్టు, పాన్ కార్డు, టిక్కెట్టు చూపించాలి. రూపాయలు నగదుగా ఇచ్చి 50,000 రూపాయల విలువ వరకే కొనవచ్చు, ఆ పైన బ్యాంకు ద్వారా కట్టాలి. విమానాశ్రయంలో ధర సాధారణంగా ప్రియం గనక అక్కడిదాకా ఆగవద్దు.

నోట్ల పరిమాణం కూడా చూసుకోవాలి. సింగపూరులో 2, 5, 10, 50, 100 డాలర్ల నోట్లు తిరుగుతాయి. అన్నిటి మీదా తొలి అధ్యక్షుడు యూసఫ్ ఇషాక్ బొమ్మే. 1,000 నోటు ఇవ్వడం 2021 జనవరి నుంచి ఆపేశారు. నాలుగు డాలర్ల టిఫినుకు వంద నోటు చాపితే కొట్టువాడు చిరాకు పడతాడు, అందుకని పదులు, యాభైలు అడిగి తీసుకోవాలి. చిల్లరలో బ్రూనై నోటు వస్తే కంగారు పడవద్దు. 1967 నాటి ఒప్పందం ప్రకారం అది సింగపూరు డాలరుతో సమానంగా చెల్లుతుంది.

హోటలు ధరల పట్టికలో అంకె పక్కన రెండు కూడిక గుర్తులుంటే జాగ్రత్త. ఒకటి 10 శాతం సేవా రుసుము, రెండోది 9 శాతం పన్ను. 20 డాలర్ల భోజనం 23 డాలర్ల 98 సెంట్లవుతుంది. ఇక వేరే టిప్పు ఇవ్వనక్కరలేదు. కుళాయి నీళ్ళు తాగవచ్చు గనక సీసా నీళ్ళ ఖర్చు లేదు. సింహం తల చేప బొమ్మ మెర్లయన్, బొటానిక్ గార్డెన్, సముద్రపు ఒడ్డు తోటల్లో రాత్రి దీపాల ఆట – ఇవన్నీ డబ్బు పెట్టకుండా చూసేవే.

మా వాళ్ళు నాలుగు రోజులుండి వచ్చారు. పద్దు పుస్తకం అత్తయ్య రాసింది. 289 డాలర్లు ఖర్చు. లెక్కకు మించింది 15, వానలో ఎక్కిన రెండో టాక్సీ. ఆఖరి రోజు భోజనం డబ్బు కొడుకు ఇవ్వబోతే మావయ్య ముందే ఇచ్చేశాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి! మిగిలిన 61లో 60 నోట్లు, ఒక డాలరు నాణెం. నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు. వాటిని ఆఖరి పూట హుండీలోనో, కాఫీకో వదిలించుకోవడమే మేలు. నోట్లయితే 2,000 అమెరికా డాలర్ల విలువ వరకు దాచుకోవచ్చు, అంతకు మించినది 180 రోజుల్లోగా తిరిగి అమ్మేయాలి. అదైనా అనుమతి ఉన్నవారికే, ఊళ్ళో తెలిసినవాళ్ళకు కాదు.

ఈ పద్ధతి సింగపూరుకే కాదు, బాంకాక్ అయినా, కొలంబో అయినా, దుబాయి అయినా అంతే. మూడు కుప్పలు చేయడం, రోజువారీ పద్దు రాయడం, పావు వంతు కలపడం. అంకెలు మారతాయి గాని లెక్క మారదు. మన మూడు ఊళ్ళ చుట్టూ పల్లెల్లో పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. ఆ ఇళ్ళ పెద్దలు జీవితంలో ఒక్కసారి చేసే ప్రయాణం అది. వాళ్ళకు ఒక సాయంత్రం కూర్చుని ఈ లెక్క రాసిపెట్టడానికి పెద్ద డిగ్రీలు అక్కరలేదు. కూడికలు, గుణకారాలు, కాస్త ఓపిక ఉంటే చాలు. అవి మన దగ్గర ఉన్నవే గదా!